గురువారం నర్సు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. తూర్పున కాస్త ఎర్రబడింది, అంతలోనే మబ్బు కప్పేసింది. ఎనిమిదింటికి నాలుగు చినుకులు రాల్చి ఆగింది. ఎనిమిదిన్నరకి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి ఆగే ఉద్దేశం లేనట్టు.

బడి గుమస్తా కిటికీ రెక్క మూసి, బల్లను గోడకి జరిపాడు. పైకప్పు ఏ వానకి ఎక్కడ కారుతుందో అతనికి తెలుసు. పదకొండేళ్ళుగా అదే గదిలో కూర్చున్నవాడు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. చూపు ఎక్కువ, మాట తక్కువ.

గుమ్మంలో ఎవరో గొడుగు దులిపారు. నీటి చుక్కలు వచ్చి హాజరుపట్టీ మీద పడ్డాయి.

"కాస్త అటు దులపండి. సిరా ఇంకా ఆరలేదు," అన్నాడు తలెత్తకుండానే.

"అటు దులిపితే పిల్లల మీద పడుతుందండీ. హాజరు మళ్ళీ రాసుకోవచ్చు."

తలెత్తాడు. తెల్లకోటు మోచేతుల దాకా తడిసి ఉంది. జుట్టు చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి. భుజాన ఉన్న బరువు సంచీ మాత్రం పొడిగా ఉంది. గొడుగు తనకి కాకుండా సంచీకి పట్టుకొచ్చిందన్నమాట. అది అతను చూశాడు. చూసినవన్నీ పైకి అనే అలవాటు లేదు కాబట్టి అనలేదు.

"నర్సుని. ఇవాళ్టి నుంచి ప్రతి గురువారం మీ బడికి వస్తాను."

"రండి సిస్టర్. మరి మిగతా రోజులు?"

"మిగతా రోజులు మిగతా బళ్ళు. ఐదు రోజులకి ఐదు."

"మాకు ఆరువందల నలభై మంది పిల్లలున్నారు."

"అందరికీ గురువారమే జబ్బు చెయ్యమని చెప్పండి," అంది. నవ్విందో లేదో తెలియలేదు.

వైద్యం గది తాళం చెవి అతని దగ్గరే ఉంది. పాత నర్సు రిటైరై రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో ఆ గదిలోకి పాత పరీక్ష పేపర్ల కట్టలు, సగం పగిలిన గ్లోబు, చర్మం చిరిగిన డప్పు వచ్చి చేరాయి. మంచం కనిపించడం లేదు. కుళాయి తిప్పితే దగ్గింది గానీ నీళ్ళు రాలేదు.

"ఈ పేపర్లు తీయించాలండీ."

"పెద్ద మేడమ్ రాతపూర్వకంగా ఇస్తే తీయిస్తాను."

ఆమె ఒక కట్ట ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. "వీటినిండా రాతే కదా. ఇంకేం కావాలి?"

మధ్యాహ్నానికి మంచం బయటపడింది. అప్పుడు ఆమె అడిగింది, ఈ రెండేళ్ళూ పిల్లలకి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూశారని. ఎవరూ లేరు, కాబట్టి అతనే. అతని దగ్గర దానికో నోటుబుక్కు కూడా ఉంది. గుండ్రటి దస్తూరీ. కొంచెం గర్వంగానే ఇచ్చాడు.

ఆమె మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. ప్రతి వరసలోనూ ఒకటే: అస్వస్థత. పరవాలేదు. తరగతికి పంపడమైనది.

"గుమస్తా గారూ, అస్వస్థత అంటే ఏ జబ్బండీ?"

"అంటే... ఒంట్లో బాగోకపోవడం."

"ఏది బాగోలేదు? తలా, కడుపా, కాలా?"

"కాలమ్ చిన్నది సిస్టర్."

"పరవాలేదని తేల్చిందెవరు?"

 తేల్చింది అతనే. సెలవుచీటీల్లో, పై ఆఫీసుకి వెళ్ళే కాగితాల్లో ఆ మాటే నడుస్తుంది. చేతికి అలవాటైపోయింది.

"ఇక్కడొక్కచోట మార్చారు. 'నటన' అని రాశారు."

"ఆ అబ్బాయి సరిగ్గా పరీక్ష రోజున కుంటుకుంటూ వచ్చాడండీ."

"మర్నాడు?"

"మర్నాడూ కుంటుకుంటూనే వచ్చాడు."

"ఆ తర్వాత?"

అతను గోడకేసి చూశాడు. "కట్టు కట్టించుకొచ్చాడు. ఎముక చిట్లిందట."

ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. నోటుబుక్కు మూసి అతని చేతికిచ్చి, "చూసింది రాయండి. అనుకున్నది నాకొదిలెయ్యండి," అంది.

*

తర్వాతి గురువారానికి నోటుబుక్కులో రెండు వరసలే ఉన్నాయి. కానీ ఒక్కోటి నాలుగేసి లైన్లు సాగాయి.

'మంగళవారం. ఏడో తరగతి అబ్బాయి. కుడి మోకాలు. చొక్కా గుండీ అంత చర్మం లేచింది. నీళ్ళతో కడిగి గుడ్డ కట్టాను. ఏడవలేదు. నా చొక్కా పట్టుకుని వదల్లేదు.'

ఆమె దాని కింద ఎర్ర సిరాతో రాసింది: 'మీరు భయపడ్డారా?'

మర్నాడు అతను దాని కింద నల్ల సిరాతో రాశాడు: 'కొంచెం.'

అలా నోటుబుక్కులో రెండు రంగులు కలిసి నడిచాయి. గురువారం సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక, అతను పెద్దవాళ్ళ ఉత్తరం చదివినట్టు ఎర్ర అక్షరాలన్నీ చదివేవాడు. 'ఈ పిల్లకి కళ్ళద్దాలు కావాలి, వాళ్ళ నాన్నకి నేను చెప్పాను.' 'వీడికి జబ్బు లేదు, పొద్దున తినడం లేదు.' 'మీ దస్తూరీ చూసి డాక్టర్లు సిగ్గుపడాలి.' చివరిది మూడుసార్లు చదివాడు.

పిల్లలు ఆమెకి 'గురువారం మేడమ్' అని పేరు పెట్టేశారు. జబ్బుల్ని దాచుకోవడం కూడా నేర్చేశారు. ఒక రెండో తరగతి వాడికి బుధవారం పన్ను కదిలితే, "ఇవాళొద్దులెండి, రేపు మేడమ్ ఉంటారుగా," అని రోజంతా నాలుకతో అదిమిపట్టి కూర్చున్నాడు. గురువారం పొద్దున బెల్లు కొట్టకముందే గది ముందు బెంచీ నిండిపోయేది.

టీచర్లందరూ నవ్వుకున్నారు. ఆమె నవ్వలేదు.

"కదిలే పన్ను ఆగుతుందండీ," అంది అతనితో, చేతులు కడుక్కుంటూ. "అన్నీ ఆగవు."

మూడో నెల వచ్చేసరికి, అతను సిస్టర్ అనడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో అతనికీ తెలియదు. బడి మొత్తం సిస్టర్ అనే పిలుస్తుంది. అటెండరు పిలుస్తాడు, పెద్ద మేడమ్ పిలుస్తుంది. అతనికి మాత్రం ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. పిలవాల్సి వస్తే గుమ్మం దగ్గర నిలబడి దగ్గేవాడు.

"దగ్గుకి మందివ్వనా?" అనేది ఆమె తలెత్తకుండా.

ఒక సాయంత్రం వాన దంచేస్తోంది. ఆమె గొడుగు కమ్మీ విరిగింది. అతను తన గొడుగుతో బస్‌స్టాపు దాకా వచ్చాడు. ఒక గొడుగు కింద ఇద్దరూ, మధ్యలో సంచీ. అతని ఎడమ భుజం మొత్తం వానలోనే ఉంది.

"మీరు రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతారండీ? ఏదైనా కోటా ఉందా?"

"ఉంది."

"ఇవాళ్టిది అయిపోయిందా?"

"ఇంకో రెండున్నాయి."

"అయితే వాడెయ్యండి."

అతను రోడ్డు చివరికి చూశాడు. "బస్సు వచ్చింది."

ఆమె మెట్టెక్కి, వెనక్కి తిరిగి, వానలోకే పకపకా నవ్వింది. అతను ఆ నవ్వు ఇంటిదాకా మోసుకెళ్ళాడు. తడిసిన భుజం సంగతి అమ్మ చెప్పేదాకా గుర్తు రాలేదు.

*

అతని అమ్మ కుట్టుపని చేస్తుంది. బడి పిల్లల యూనిఫాములు సగం ఆవిడ మిషను మీదే తయారవుతాయి. ముక్కుమీది కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, ఎవరు ఎంత పొడుగయ్యారో, ఎవరి చొక్కా ఎవరి తమ్ముడికి దిగిందో చెప్పేయగలదు.

ఆ వారం గురువారం నర్సు రాలేదు. పై ఆఫీసులో ఏదో సమావేశమని, నర్సులందరూ వచ్చి తీరాలని పిలిచారు. బెంచీ మీద పిల్లలు సాయంత్రం దాకా కూర్చుని లేచిపోయారు.

ఆ రాత్రి అన్నం తింటుంటే అమ్మ అంది, "ఆ ఆరో తరగతి చిలక లేదూ, దాని స్కర్టు నడుము మళ్ళీ బిగించాల్సొచ్చిందిరా. నెల్లో ఇది రెండోసారి. ఎదిగే పిల్లకి వదులు చెయ్యాలి గానీ, బిగించడమేమిటి?"

చిలక అంటే నోరు మూతపడని పిల్ల. అందుకే ఆ పేరు. ఈమధ్య తరగతిలో ఉండటం లేదని, అస్తమానం నీళ్ళకనీ బాత్రూమ్‌కనీ వెళ్ళిపోతోందని లెక్కల మాస్టారు ఫిర్యాదు కూడా చేశారు. పాఠం ఎగ్గొట్టడానికి ఎత్తు అన్నారాయన.

శుక్రవారం పొద్దున మాస్టారే ఆ పిల్లని గుమస్తా దగ్గరికి పంపారు, తల వాల్చేస్తోందని. అతను బెంచీ మీద కూర్చోబెట్టి నోటుబుక్కు తీశాడు. 'శుక్రవారం. ఆరో తరగతి అమ్మాయి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగింది. మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్ళింది. పెదాలు ఎండి ఉన్నాయి. స్కర్టు నడుము నెల్లో రెండుసార్లు...'

అక్కడ చెయ్యి ఆగింది. రాసింది మొదటి నుంచి చదువుకున్నాడు.  నర్సుకి ఫోన్ చేశాడు. ఆమె ఆ రోజు కాలువ అవతలి బడిలో ఉంది.

చదివి వినిపించాడు. అటువైపు పిల్లల గోల వినిపిస్తోంది.

"మాట్లాడుతోందా?" అంది ఆమె.

"లేదండీ. అదే... చిలక ఇవాళ మాట్లాడటం లేదు. నిద్రొస్తోందంటోంది."

"ఊపిరి?"

"పరుగెత్తుకొచ్చినట్టు తీసుకుంటోంది. కానీ పరుగెత్తలేదు."

"ముఖం దగ్గరికి వెళ్ళండి. ఏం వాసనొస్తోంది?"

వంగాడు. "మగ్గిన పండు."

"ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కించండి. చిన్నాస్పత్రి వద్దు, పెద్దాస్పత్రికి. షుగర్ చూడండని గుమ్మంలోనే అరవండి. ఎవరు ఏం అడిగినా ముందు అదే అరవండి." ఒక్క క్షణం ఆగింది. "మీరు అరవగలరా?"

"అరుస్తాను."

పెద్దాస్పత్రి గుమ్మంలో పిల్లని ఎత్తుకుని అరిచాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. చీటీలు రాసే మనిషి పెన్ను వదిలేసి లేచాడు.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు. పిల్ల తల్లి గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

నర్సు వచ్చేసరికి చీకటి పడబోతోంది. రెండు బస్సులు మారి వచ్చింది. పిల్లని అద్దంలోంచి చూసి, వరండాలో కుర్చీలో కూర్చుంది. అతను ఒక కుర్చీ ఖాళీ వదిలి, దాని పక్క కుర్చీలో కూర్చున్నాడు. మధ్య కుర్చీలో సంచీ ఉంది.

"నిన్న రాకపోవడం నా తప్పు కాదు," అంది. "కానీ రాలేదు కదా. అసలు వచ్చినా, ముప్పైమందిలో ఒక పిల్ల. మీ అమ్మగారికి తెలిసినంత నాకు తెలిసేదా?"

అతను జారుతున్న సంచీని కుర్చీలోకి సర్దాడు.

"మిగతా నాలుగు బళ్ళలో రాసేవాళ్ళు కూడా లేరండీ. నేను వైద్యం చెయ్యడం లేదు. వారాలు లెక్కపెట్టుకుంటున్నాను."

చప్పుడు లేకుండా ఏడ్చింది. అతను వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, మధ్య కుర్చీలోని సంచీ తీసి నేల మీద పెట్టింది. అతను ఆ కుర్చీలోకి జరిగాడు. ఆస్పత్రివాళ్ళు దీపాలు వేసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఇంటికెళ్ళాక అమ్మ అడిగింది, "అయితే సిస్టర్‌కి ఫోన్ చేశావన్నమాట."

"నర్సు గారికి చేశాను."

"ఊరంతా సిస్టర్ అంటుంటే నీ ఒక్కడి నోటికే ఏమొచ్చిందిరా?"

అతను కంచంలోకి తల దించాడు. అమ్మ పళ్ళతో దారం కొరికింది.

*

చిలక మూడు వారాల తర్వాత బడికి వచ్చింది. రోజూ షుగర్‌కి సూది వేసుకోవాలి. ఎలా వెయ్యాలో నర్సు ఆ పిల్ల తల్లికీ గుమస్తాకీ కూర్చోబెట్టి నేర్పింది. చిలక మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. లెక్కల మాస్టారు ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

ఆ నెలాఖరునే పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇద్దరు నర్సులు రిటైరయ్యారు. కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. ఇకమీదట ఆమెకి ఐదు కాదు, తొమ్మిది బళ్ళు. ఒక్కో బడికి రెండు వారాలకొకసారి.

ఆమె ఎప్పుడో రాసిన దరఖాస్తుకి పెద్దాస్పత్రి నుంచి అప్పుడే జవాబొచ్చింది. పిల్లల వార్డులో ఉద్యోగం. ఈ సంగతి ఆమె పెద్ద మేడమ్‌కి చెప్పింది. పెద్ద మేడమ్ గుమస్తాని పిలిపించింది.

"నీ మాటైతే వింటుంది అబ్బాయ్. ఉండమని చెప్పు."

"నేనెలా చెప్తానండీ?"

అక్కడే కూర్చున్న లెక్కల మాస్టారు అందుకున్నారు. "అంత ఆలోచన దేనికి మేడమ్? మనవాడికిచ్చి చేసేద్దాం. ఇంక ఎక్కడికీ పోదు. బడికి ఒక పర్మనెంట్ నర్సు!"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. పెద్ద మేడమ్ కూడా నవ్వి, "పోనీ అలాగైనా చెయ్యి," అంది. అతను నవ్వలేదు. కాదనీ అనలేదు. గుమ్మంలో ఫైలు పట్టుకుని నర్సు నిలబడి ఉంది.

అతను వైద్యం గదిలోకి వెళ్ళేసరికి ఆమె అలమారా సర్దుతోంది. సీసాలు పెట్టడంలో చప్పుడెక్కువగా ఉంది.

"ఎన్నాళ్ళుగా నడుస్తోందండీ ఈ ఏర్పాటు?"

"ఏ ఏర్పాటు?"

"బస్‌స్టాపు, గొడుగు, మంచినీళ్ళు. సిస్టర్ అనడం మానెయ్యడం కూడా పెద్ద మేడమ్ ఆర్డరేనా? రాతపూర్వకంగానే ఇచ్చారా?"

జవాబు అతని దగ్గర ఉంది. గొంతులోకి వచ్చింది కూడా. కానీ ఆ మాట ఇప్పుడంటే ఆమెకి ఎలా వినిపిస్తుందో అతనికి కనిపించింది. మీరంటే ఇష్టం అన్నా, ఉండిపొమ్మనే వినిపిస్తుంది. ఆరువందల నలభై మంది పిల్లల బరువు తెచ్చి దాని వెనక పెట్టినట్టుంటుంది.

అందుకని ఊరుకున్నాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుంది.

"నా జీతం కాగితాలు ఈ బడి నుంచే వెళ్తాయి. నన్ను వదిలిపెడుతున్నట్టు లెటర్ కావాలి. ఆస్పత్రివాళ్ళకి శనివారం సాయంత్రం లోపల ఇవ్వాలి. ఇవాళ గురువారం." బల్ల మీద దరఖాస్తు పెట్టింది. "మీ చేతిలో ఫైలు ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను."

*

లెటర్ పావుగంటలో రాశాడు. పెద్ద మేడమ్ ముందు పెట్టాడు.

ఆవిడ చదివి పక్కన పెట్టింది. "సోమవారం చూద్దాం."

"శనివారం ఆఖరండీ."

"తెలుసు. అందుకే సోమవారం అంటున్నాను. ఫైలు కింద పెట్టడం నీకు నేర్పాలా?"

అతను బయటికెళ్ళి, గంటాగి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట. ఆఖరి బెల్లు కొట్టాక మూడోసారి వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకయ్యా ఇంత పట్టుదల?" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను రాక్షసినా? నర్సుని ఇవ్వండి మహాప్రభో అని ఏడు ఉత్తరాలు రాశాను. అన్నీ నువ్వే టైపు కొట్టావు. ఒక్కదానికి జవాబు లేదు. ఆ పిల్లని మోసుకెళ్ళింది నువ్వు. రేపు ఇంకొకళ్ళు అలా పడిపోతే?"

"తెలుసండీ."

"తెలిసీ?"

 అతను పదకొండేళ్ళలో ఆ గదిలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు.

"నర్సు లేకపోవడం మనం చేసిన తప్పు కాదు మేడమ్. కాగితం తొక్కిపెట్టి ఆవిణ్ణి ఆపితే, అది మనం చేసిన తప్పవుతుంది. తొమ్మిది బళ్ళు ఏ మనిషీ తిరగలేదు. మన దగ్గరే విరిగిపోతుంది ఆవిడ. అది మాత్రం నేను చూడలేను."

పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది. "నీకూ దూరమవుతుంది కదయ్యా."

"అవనివ్వండి."

ఆవిడ పెన్ను తీసింది. సంతకం పెట్టి కాగితం అతని వైపు తోసింది. "సీలు నువ్వే వేసుకో. నా చెయ్యి ఆడటం లేదు."

*

శుక్రవారం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి కాలువ అవతలి బడికి వెళ్ళాడు. తుంపర పడుతూనే ఉంది.

ఆ బడిలో నర్సుకి గది కూడా లేదు. మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ. ఎదురుగా బెంచీ మీద వరసగా పిల్లలు. ఆమె ఒక పిల్ల చెవిలోకి దీపం వేసి చూస్తోంది. అతను వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు.

పక్కనున్న కుర్రాడు పైనుంచి కిందిదాకా చూశాడు. "మీకేమైంది అంకుల్?"

"ఏమీ కాలేదు."

"మరెందుకు కూర్చున్నారు?"

"నా వంతు కోసం."

"మీకంటే ముందు పదిమందిమి ఉన్నాం," అన్నాడు వాడు పెద్దమనిషిలా.

ఒక్కొక్కళ్ళే లేస్తుంటే అతను జరిగాడు. వెనక ఇంకా పిల్లలొచ్చి చేరారు. అతని వంతు వచ్చేసరికి ఆమె రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది.

"చెప్పమ్మా, ఏమిటి బాధ?" అంది తలెత్తకుండా.

అతను కాగితం బల్ల మీద పెట్టాడు. ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. సంతకం చూసింది, సీలు చూసింది, తేదీ చూసింది. నిన్నటి తేదీ.

"మీ ఆఫీసులో ఏ కాగితమైనా అదే రోజు బయటికొచ్చిందా ఎప్పుడైనా?"

"లేదు."

"మీరే తెచ్చారు."

"పోస్టులో వేస్తే మంగళవారం అందుతుంది."

"నేను వెళ్ళిపోతానని తెలిసీ తెచ్చారు."

"మీరు వెళ్తేనే ఇంకో మాట చెప్పగలను." ఈసారి ఆగలేదు. "నిన్న చెబితే అది బడి కోసం చెప్పినట్టుండేది. ఇప్పుడు మీరు మా బడి నర్సు కాదు. అందుకని చెప్తున్నాను. సిస్టర్ అనమని నాకెవరూ చెప్పలేదు, మానెయ్యమనీ చెప్పలేదు. అది నావల్ల కాలేదంతే. మిమ్మల్ని ఉండమని అడగడం లేదు. మీరెక్కడుంటే అక్కడికి నేను వస్తానంటున్నాను. మీకు ఇష్టమైతేనే."

ఆమె కాగితం మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. చెంప మీదికి జారిన నీటి బొట్టుని భుజంతో తుడుచుకుంది.

"నా మీద నాకే కోపంగా ఉంది," అంది మెల్లగా. "మీరు మాట్లాడకపోతే నేను అనుకున్నదే ఖాయం చేసుకున్నాను. కనీసం కాదనుండొచ్చుగా."

"అనుండాల్సింది."

వెనక నుంచి ఒక చిన్నపిల్ల తొంగి చూసింది. "మేడమ్, ఆయనది అయిపోయిందా?"

"లేదమ్మా," అంది ఆమె అతన్నే చూస్తూ. "ఆయనది కాస్త ఎక్కువసేపు పట్టేట్టుంది. ఆ పక్కన కూర్చోబెడదాం."

సాయంత్రం దాకా అతను మెట్ల పక్కన కూర్చుని దూది చుట్టలు చుట్టాడు. తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. కిటికీ అద్దం మీద నీళ్ళు వంకరగా పాకుతున్నాయి.

"ఈ బళ్ళు వదిలి తప్పు చేస్తున్నానా?" అంది.

"తెలియదు."

"కాదని చెప్పొచ్చుగా. మీ సొమ్మేం పోయింది?"

"చెప్పొచ్చు. నిజమో కాదో నాకు తెలియదు."

 బస్సు మలుపు తిరిగినప్పుడు ఆమె తల అతని భుజానికి ఆనింది. మలుపు అయిపోయాక కూడా తీయలేదు.

*

ఆమె పెద్దాస్పత్రిలో చేరింది. ఒక ఆదివారం అతని ఇంటికి వచ్చింది. అమ్మ కూర్చోమనలేదు, బాగున్నావా అనలేదు. మెడలోని టేపు తీసి భుజాల కొలత తీసుకుంది, చేతుల కొలత తీసుకుంది, కాగితం మీద రాసుకుంది.

"ఇదేమిటండీ?"

"ఇంట్లో మనుషుల కొలతలన్నీ నా దగ్గరుంటాయమ్మా. నీదొక్కటే లేదు," అంది. పెళ్ళి వచ్చే నెలలో అనుకున్నారు.

ఆ తర్వాతి గురువారం బడి బెల్లు కొట్టకముందే, వైద్యం గది ముందు బెంచీ నిండిపోయింది. మేడమ్ ఇక రారని ప్రార్థనలో చెప్పారు, తరగతుల్లో చెప్పారు. అయినా వచ్చి కూర్చున్నారు. అతను తాళం తీశాడు. చేతులు కడుక్కున్నాడు. చూడగలిగినంత చూశాడు, రాయగలిగినంత రాశాడు. నలుగురి ఇళ్ళకి కబురు పెట్టాడు. ఒకమ్మాయి చెవి లోపల ఏముందో అతనికి తెలియలేదు. తెలియదనే రాశాడు.

సాయంత్రం ఆస్పత్రి డ్యూటీ దిగి ఆమె వచ్చింది. అమ్మ మూడు కంచాలు పెట్టి అన్నం వడ్డించింది.

"ఎంతమంది వచ్చారు?" అంది ఆమె.

"ఇరవై ముగ్గురు."

"నేను రానని చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

అతను చెప్పకుండా ఉండగలడేమో చూశాడు. ఆమెతో అది చేతకాలేదు. "ఒక పిల్ల 'అయితే వచ్చే గురువారమా' అనడిగింది."

ఆమె కంచం వైపు చూసింది. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కూర వేసి, తనూ వచ్చి పక్కన కూర్చుంది.

 ఆమె అన్నం కలపడం మొదలుపెట్టాక అతనూ మొదలుపెట్టాడు.  ముగ్గురూ నెమ్మదిగా, మెతుకు మిగలకుండా తిన్నారు.